ఈగల చదువంటే అంత చులకనా?

"మా అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది. కందిరీగలకు భయపడి ఈగ ఏ పండు మీద గుడ్లు పెడుతుందో, దాని మీద ఎమ్మెస్సీ ఎంటమాలజీ, అదే పురుగుల చదువు, చేస్తానంటోంది. డేటా సైన్స్‌లో చేర్పిద్దామా? రెండూ పోల్చి చెప్పండి" అని నూజివీడు వైపు నుంచి ఒక మామిడి రైతు అడిగారు.

అన్నయ్యగారూ, ఎంట్రన్సులు, సీట్ల సంగతి మీ అమ్మాయికి తెలుసు, వదిలేద్దాం. మీ అసలు బాధ, పెళ్లిలో చుట్టాలు అడిగితే "ఈగలు" అని ఎలా చెప్పాలా అని. అవునా, కాదా?

ఆ ఈగల కథ ఒక్కసారైనా కూర్చుని విన్నారా? అమెరికాలో హాథార్న్ అనే చెట్టు చిన్న కాయల్లో పెరిగే ఒక పండు ఈగ 1800ల మధ్యలో ఆపిల్‌కి మారింది. తిండి చూస్తే పిల్లపురుగుకి పాత కాయే మేలు. కానీ ఆపిల్ పెద్దది, పురుగు లోతుకి దూరిపోతే దాని ఒంట్లో గుడ్డు పెట్టే కందిరీగ సూది అందదు. మారడానికి అదొక్కటే కారణం కాదులెండి, నిలదొక్కుకోవడానికి మాత్రం పనికొచ్చింది. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ ఇంకా గడుసుది, కందిరీగ కంటబడితే చాలు, ఆల్కహాల్ ఎక్కువున్న చోటు వెతికి గుడ్లు పెడుతుందని 2013లో తేల్చారు. ఆ సారా కందిరీగ పిల్లలకు పడదు! మీ మామిడిని పాడుచేసే పండు ఈగే హవాయికి పాకితే, దాన్ని అణచడానికి, దాని గుడ్లలోనే గుడ్లు పెట్టే కందిరీగలను 1940ల చివర్లో అక్కడ వదిలారు. మీరు కొమ్మలకు కట్టే ఎర బుట్టల్లో పడేది మగ ఈగలే కదా, మరి ఆడది ఏ కాయ ఎంచుకుంటుందో మీకెవరు చెప్పాలి?

ఇక డేటా సైన్స్. నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి. లక్షల ఫీజు, ఆరు నెలల కోర్సు, చేతికో సర్టిఫికెట్. అది పట్టుకుని నా దగ్గరికొచ్చే పిల్లల్ని "ఏ రంగం డేటా తెలుసమ్మా?" అంటే చాలామందికి నోట మాట రాదు. థీసిస్ చేసే పిల్లకి లెక్కలు, గణాంకాలు ఎటూ తప్పవు, అదీ తన చేత్తో లెక్కపెట్టిన పురుగులతో.

కష్టం లేదనను. పరిశోధనలో నిలబడాలంటే పీహెచ్‌డీ కావాలి, అంటే మొత్తం ఐదారేళ్లు, ఆపైన ప్రొఫెసర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. అయినా టెన్షన్ దేనికి? ప్రభుత్వంలో ఏఓ (వ్యవసాయ అధికారి) పోస్టులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్లు, పురుగుమందుల కంపెనీలు, వీటికి ఆ బీఎస్సీ ఉంది. జీతాల పట్టిక మాత్రం వేయను, తను బయటికొచ్చేసరికి అది చిత్తు కాగితం.

కాయలు దిగేటప్పుడు అమ్మాయిని తోటకి తీసుకెళ్లి, పురుగు పట్టిన కాయ కోయించి, లోపల ఏముందో చెప్పమనండి. మధ్యలో జీతం ఎంత అని అడక్కండి.