వాసన పడని అమ్మాయికి నర్సింగ్ వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటోంది. మా మామగారికి షుగర్ వల్ల కాలి వేళ్ల దగ్గర పుండు పడింది. ఇంటికి వచ్చి కట్టు మార్చే సిస్టర్ పక్కన నిలబడి చూస్తూ, కట్టు విప్పగానే పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. మర్నాడు మళ్లీ గుమ్మం దగ్గర నిలబడి చూసింది కానీ లోపలికి రాలేదు. ఇంత సున్నితమైన పిల్ల ఆ చదువు నెగ్గుకు రాగలదా? లక్షలు పోసి చేర్పించాక మానేస్తే మా పరిస్థితి ఏమిటి?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మిమ్మల్ని కలవరపెట్టింది ఆ వాంతి. నన్ను ఆపింది మాత్రం, మర్నాడు మళ్లీ గుమ్మం దగ్గర నిలబడిందన్న మాట. ముందురోజు అంత అవస్థపడిన పిల్ల, ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చి చూసింది. చదువు విషయంలో నాకు ధైర్యం కలిగించింది అదే.

విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న నర్సులను మీకు ఏది భరించలేనంత కష్టమని అడిగితే, రక్తమని చెప్పేవారు తక్కువ. చాలామంది చెప్పేది కఫం. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చిన రోగికి సక్షన్ (కఫాన్ని లాగే యంత్రం) పెట్టినప్పుడు గరగరమని శబ్దం వస్తుంది. పసుపుపచ్చని చిక్కటి కళ్లె పారదర్శకమైన గొట్టంలో సాగుతూ సీసాలోకి జారుతుంది. వాసన పెద్దగా ఉండకపోయినా ఆ శబ్దానికీ ఆ జిగటకూ కడుపులో తిప్పుతుంది. చీమును చలించకుండా తుడిచే నర్సు ఇక్కడ తల పక్కకు తిప్పుకుంటుంది. కఫానికి జంకని మరొకరికి వాంతి పడదు. ఇంకొకరికి పుండులో పురుగులు పడ్డ రోగి వస్తే ఒళ్లు జలదరిస్తుంది. టర్పెంటైన్ నూనె తడిపిన గాజుగుడ్డ పెట్టగానే అవి ఒక్కొక్కటే పైకి పాకి వస్తాయి, వాటిని ఫోర్సెప్స్‌తో ఏరాలి. ఏదో ఒకటి పడనివారే అందరూ. అయినా వాళ్లంతా రోజూ డ్యూటీకి వెళుతున్నారు.

దీనికి కారణం మన శరీరంలోనే ఉంది. ఒకే వాసన మధ్య కొన్ని నిమిషాలు ఉంటే ముక్కు దాన్ని పసిగట్టడం తగ్గిస్తుంది. వాసనకే కాదు, ఘాటుకూ అలవాటు పడతాం. గుంటూరు మిర్చి యార్డులో తొలిసారి అడుగుపెట్టినవారు తుమ్ములతో ఉక్కిరిబిక్కిరవుతారు. అక్కడే బస్తాలు మోసే హమాలీలు రోజంతా పనిచేస్తారు. ఆసుపత్రి వార్డులోనూ తొలి రెండు మూడు నిమిషాలే గడ్డుకాలం. చూసే దృశ్యం పట్ల కలిగే జుగుప్స మాత్రం అంత త్వరగా పోదు, మళ్లీ మళ్లీ దగ్గర నుంచి చూస్తూ ఉంటేనే నెమ్మదిగా తగ్గుతుంది. పారిపోయిన ప్రతిసారీ అది ఇంకాస్త పెరుగుతుంది. అందుకే మీ అమ్మాయిని ఆ గదికి దూరంగా ఉంచకండి.

ఒక సంగతి నర్సింగ్‌లో చేరబోయే పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పడం లేదని నా బాధ. ఆ వాసనలు భరించాల్సిన శిక్ష మాత్రమే కాదు, అవి రోగం గురించి కబురు చెబుతాయి. తారులా నల్లగా, జిగటగా, ఒక ప్రత్యేకమైన దుర్వాసనతో విరేచనం అయితే కడుపులోనో చిన్నపేగు పైభాగంలోనో రక్తస్రావం జరుగుతోందని అనుమానించాలి. అనుభవమున్న నర్సు గది గుమ్మంలోనే దాన్ని పసిగట్టి డాక్టరుకు ఫోను చేస్తుంది. షుగర్ రోగి ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్ల పదార్థాలు) పెరిగాయేమో చూడాలి, అది ప్రాణాపాయ స్థితి. కట్టు మీద ఆకుపచ్చ మరక, తియ్యని వాసన కనిపిస్తే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి చేరిందేమోనని పరీక్షకు పంపుతారు. మీ మామగారి పుండు నుంచి కూడా కొత్తగా కుళ్లు వాసన వస్తున్నా, అంచులు నల్లబడుతున్నా, కట్టు మార్చి ఊరుకోకండి. అదే రోజు సర్జన్‌కు చూపించండి.

ఇక రోగి వైపు నుంచి చూద్దాం. రొమ్ము క్యాన్సర్ ముదిరి పుండు పగిలిన స్త్రీల దగ్గర కూర్చోవడానికి సొంత బంధువులే వెనకాడతారు. ఆమెకు తన వాసన తెలుసు. కట్టు విప్పేటప్పుడు ఆమె పుండు వైపు చూడదు, నర్సు ముఖం వైపు చూస్తుంది. అక్కడ ముక్కు ముడుచుకోకుండా ఉండడం వైద్యంలో భాగమని నేను నమ్ముతాను. ఆ దుర్వాసన చాలావరకు గాలి అవసరం లేని సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. డాక్టరు సూచనతో మెట్రోనిడజోల్ వాడితే తగ్గుతుంది. అంటే నర్సు వాసనను ఓర్చుకోవడంతో ఆగదు, దాన్ని తగ్గించే పని కూడా చేస్తుంది. బెడ్‌ప్యాన్ వెంటనే తీయడం, తడిసిన కట్టు గదిలో ఉంచకపోవడం, మంచం పట్టిన రోగిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పి పడక పుండు పడకుండా చూడడం, ఇవన్నీ ఆ పనే.

మీరిప్పుడు చేయవలసింది ఇది. కట్టు మార్చే సిస్టర్‌ను అడిగి, మీ అమ్మాయిని రెండు మూడు వారాలు పక్కన ఉండనివ్వండి. మొదటి రోజుల్లో ట్రే పట్టుకుంటే చాలు. తర్వాత గాజుగుడ్డ అందించాలి. అంటుకుపోయిన చివరి పొరను సెలైన్‌తో తడిపి మెల్లగా ఎలా తీస్తారో దగ్గర నుంచి చూడాలి. వాసన ఒక్కసారిగా గుప్పుమనేది అప్పుడే. ఖాళీ కడుపుతో నిలబడకూడదు. నోటితో ఊపిరి తీసుకోవాలి. మాస్కుకు లోపల కాస్త పుదీనా నూనో, బామో రాసుకునే నర్సులు ఉన్నారు. కడుపులో తిప్పితే “ఒక్క నిమిషం తాతయ్యా” అని చెప్పి బయటికి వెళ్లి రావచ్చు, అందులో తప్పేమీ లేదు. పుండును స్వయంగా ముట్టుకోవడం మాత్రం సిస్టర్ అనుమతిస్తేనే.

వాంతి కాకుండా కళ్లు తిరిగి పడిపోతుంటే సంగతి వేరు. రక్తం చూడగానే కొందరికి గుండె వేగం, రక్తపోటు పడిపోతాయి. చేతులు, తొడలు, పొట్ట కండరాలను 10–15 సెకన్లు గట్టిగా బిగించి వదలడం సాధన చేస్తే చాలామంది దాన్ని అదుపులోకి తెచ్చుకుంటారు. ముందుగా డాక్టరుకు ఒకసారి చూపించండి.

నేను వద్దని చెప్పేది ఒక్క సందర్భంలోనే. ఆ రెండు మూడు వారాల తర్వాత కూడా ఆమెకు పుండు మీద కాక తాతయ్య మీదే విసుగు కలుగుతుంటే, ఈ వృత్తి ఆమెకూ, రేపటి రోగులకూ మంచిది కాదు. అప్పుడు బీఫార్మసీ, ఆప్టోమెట్రీ (కంటి పరీక్షల కోర్సు) చూడండి. ల్యాబ్ టెక్నాలజీ తేలికని ఎవరైనా అంటే నమ్మకండి, అక్కడా కఫం, మలం పరీక్షించాల్సిందే.

చేర్చాలనుకుంటే బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా 3 ఏళ్లు. వార్డు పోస్టింగులు మొదటి సంవత్సరం నుంచే ఉంటాయి. కళాశాలకు వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు, పోస్టింగులు ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని గంటలు అని అడగండి. అక్కడ చదువుతున్న సీనియర్ అమ్మాయిలతో విడిగా మాట్లాడి ఆ జవాబు నిజమో కాదో తేల్చుకోండి. రోగులు లేని ఆసుపత్రికి పంపి రిజిస్టర్‌లో సంతకం పెట్టించే చోట చేరితే, మీ అమ్మాయి తొలి పుండును ఉద్యోగంలో చేరిన మొదటి రాత్రి, పక్కన ఎవరూ లేకుండా చూడాల్సి వస్తుంది. ఆ రెండు మూడు వారాలు పూర్తయ్యేదాకా ఎక్కడా అడ్వాన్సు కట్టకండి.