గట్టూ బ్యాంకే, గల్లాపెట్టే బ్యాంకే!

ప్రశ్న: మా మనవడు మూడో తరగతి. పాఠంలో ‘రివర్ బ్యాంక్’ అని చదివి, ‘తాతయ్యా, గోదాట్లో కూడా డబ్బులు దాస్తారా?’ అన్నాడు. నవ్వేశాను గానీ జవాబు తోచలేదు. ఈ రెండు బ్యాంకులకీ ఏమన్నా చుట్టరికం ఉందా? బ్లడ్ బ్యాంకు, వోటు బ్యాంకుల మాటేమిటి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉందండీ, కాకపోతే దూరపు చుట్టరికం. నది బ్యాంకు ఇంగ్లీషులోకి స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. ఎత్తుగా ఉన్న మట్టి దిబ్బ అని దాని పాత అర్థం. అందుకే నన్నడిగితే దానికి ‘ఒడ్డు’ కన్నా ‘గట్టు’ అన్నదే సరిగ్గా అతుకుతుంది. విమానం మలుపులో ఒక పక్కకి ఒరిగితే బ్యాంక్ అయిందంటారే, అదీ ఈ గట్టు ఏటవాలులోంచి పుట్టిందే.

డబ్బు బ్యాంకుది ఇటలీ. బజారులో కూర్చుని రకరకాల నాణేలు మార్చి ఇచ్చే వ్యాపారి ముందున్న బల్ల పేరు ‘బాంకో’. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరింది. క్యాషు కౌంటరు వెనక ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, బల్ల మహత్యం నాకు తెలుసు. కంప్యూటర్లొచ్చాక కూడా, నోట్లు ఎదురుగా మళ్ళీ లెక్కపెడితే గానీ మా ఖాతాదారులు కదిలేవారు కాదు. దివాలా తీస్తే ‘బ్యాంక్‌రప్ట్’ అంటాం కదా, అది ‘బాంకా రొత్తా’, అంటే విరిగిన బల్ల. అప్పులెగ్గొట్టినవాడి బల్లని నిజంగానే విరగ్గొట్టేవారని చెబుతారు గానీ, నేనైతే దాన్ని కథగానే వింటాను.

ఇంకా వెనక్కి వెళితే గట్టుకీ బల్లకీ మూలం ఒక్కటే, పాత జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబం) మాట. బడిలో పిల్లలు కూర్చునే బెంచీ కూడా ఆ ఇంటిదే. ప్రాజెక్టు లేక ‘బెంచ్ మీద ఉన్నాం’ అని టెన్షన్ పడే హైదరాబాదు సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది!

బ్లడ్ బ్యాంకు అన్న పేరు 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో డాక్టర్ బెర్నార్డ్ ఫాంటస్ పెట్టింది. వేసుకోవడం, తీసుకోవడం అనే లెక్క అక్కడా ఉందిగా.

వోటు బ్యాంకు మాత్రం మన దేశపు సరుకు. 1955లో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతపు ఒక పల్లె గురించి రాస్తూ వాడారు. అప్పుడది కులాలని, మతాలని ఉద్దేశించిన మాట కాదు. తను చెప్పినవాళ్ళకే ఊళ్ళో వోట్లు వేయించగల పెద్దమనిషిని ఉద్దేశించింది. ఇప్పుడు ఆ మేనేజరుని వదిలేసి, ఖాతాదారులనే బ్యాంకు అంటున్నాం.