మేనమామ చెయ్యి చూసి ప్లాస్టిక్ సర్జన్ అవుతానంటోంది

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. మా బావమరిది ఆర్మీలో హవల్దారు. రెండేళ్ల కిందట సరిహద్దులో పేలుడు జరిగి కుడి భుజం కింద ఇనుప ముక్కలు దిగాయి. ఎముక విరిగింది, చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. మిలిటరీ ఆస్పత్రిలో కొన్ని నెలల తేడాతో రెండు ఆపరేషన్లు చేశారు. ఇప్పుడు మణికట్టు లేస్తోంది, గ్లాసు పట్టుకుంటున్నాడు. అది చూసినప్పటి నుంచి మా అమ్మాయి ‘సైనికులకు నరాలు కుట్టే ప్లాస్టిక్ సర్జన్ అవుతా’ అని పట్టుబట్టింది. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసం చేసేది కదండీ? ఎన్నేళ్లు చదవాలి? ఆడపిల్లకు సరిపడుతుందా? హైదరాబాద్‌లోనే చదివే వీలుందా?

జవాబు: ముందు అందం సంగతి తేల్చేద్దాం. జూబ్లీహిల్స్ హోర్డింగుల మీద కనిపించేది ఈ వృత్తిలో ఒక కొమ్మ మాత్రమే. ఒక్కసారి ఉస్మానియాలోనో నిమ్స్‌లోనో ప్లాస్టిక్ సర్జరీ వార్డు వైపు వెళ్లి చూడండి. కాలిన ఒళ్లు, మెషీన్‌లో నలిగిన వేళ్లు, క్యాన్సర్ గడ్డ తీసేశాక సగం పోయిన దవడ, బైకు మీద నుంచి పడి ఎముక బయటపడ్డ కాలు... అక్కడ పడుకున్న వాళ్లలో ముక్కు సన్నం చేయించుకోవడానికి వచ్చినవాళ్లు మీకు దొరకడం కష్టం.

అసలు ఈ విద్యకు, యుద్ధానికి పాత చుట్టరికం ఉంది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం వెంట ఎడ్లబండి తోలే కౌసాజీ అనే మరాఠీ మనిషి టిప్పు సైనికుల చేతికి చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు. ఏడాది తర్వాత పుణె ప్రాంతపు వైద్యుడొకాయన కౌసాజీ నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కట్టాడు. చర్మంతో ముక్కు కట్టే విద్య సుశ్రుతుడి కాలం నుంచి వస్తున్నదే. 1794లో ఆ కథ బొమ్మతో సహా లండన్ పత్రికలో అచ్చయింది. దాన్ని చూసే 1814లో కార్ప్యూ అనే సర్జన్ అక్కడ అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు.

కౌసాజీకి ముక్కయితే వచ్చింది గానీ చెయ్యి రాలేదు. చెయ్యి అతికించాలంటే సన్నని రక్తనాళాలు, నరాలు కలపాలి. ఆ పని మనిషి కంటికి ఆనదు. ఒకట్రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న రక్తనాళాన్ని మైక్రోస్కోప్ కింద కుట్టవచ్చని తేలింది 1960లో. 1963లో షాంఘైలో తెగిపోయిన చేతిని, 1965లో జపాన్‌లో బొటనవేలిని తిరిగి అతికించారు. 2015లో మన పక్కనే కొచ్చిలోని అమృత ఆస్పత్రిలో, చనిపోయిన వ్యక్తి చేతులను బతికున్న మనిషికి అమర్చారు. మీ అమ్మాయి మనసుపడ్డ మైక్రోసర్జరీ ఇదే. కార్ప్యూకూ ఈ మైక్రోస్కోప్‌కూ మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలున్నాయి. మొదటి యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆస్పత్రి తెరిస్తే, అక్కడ హెరాల్డ్ గిల్లీస్ అనే చెవి-ముక్కు-గొంతు సర్జన్ ఈనాటి ప్లాస్టిక్ సర్జరీకి రూపమిచ్చాడు. రెండో యుద్ధం నడుస్తుండగానే, 1943లో, సెడన్ అనే డాక్టర్ నరాల దెబ్బలను మూడు రకాలుగా విభజించాడు. కమిలినవి, లోపలి పోగులు తెగినా పైపొర నిలిచినవి, పూర్తిగా తెగినవి. మీ బావమరిది చేతిని చూసిన డాక్టర్లు కూడా మొదట వేసుకున్న ప్రశ్న ఇదే అయ్యుంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. అమ్మాయి ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకుని ఇష్టపడాలి కదా. పేలుడు గాయాన్ని వెంటనే కుట్టేయరు. లోపల మట్టి, గుడ్డపీలికలు, ఇనుప తునకలు ఉంటాయి. చచ్చిన కండ తీసేసి, కడిగి, తెరిచే ఉంచి, నాలుగైదు రోజులకు మళ్లీ చూసి అప్పుడు మూస్తారు. ఇక నరం. భుజం ఎముకను చుట్టుకుంటూ పోయే రేడియల్ నరం దెబ్బతింటే మణికట్టు వేలాడిపోతుంది. తూటా, పేలుడు దెబ్బల్లో చాలాసార్లు నరం తెగదు, అదురుకు కమిలిపోతుంది. అలాంటిది దానంతటదే కోలుకోవచ్చు. అందుకే పరీక్షలు చేస్తూ మూడు నెలలదాకా ఆగి, కదలిక రాకపోతే తెరుస్తారు. ‘మిలిటరీవాళ్లు ఆలస్యం చేశారు’ అని ఇంట్లో ఎవరైనా అనుకుంటుంటే, బహుశా కారణం ఇదే.

తెరిచాక మైక్రోస్కోప్ కింద నరం కొసను పలుచగా తరుగుతూ పోతారు, మచ్చకట్టిన భాగం పోయి లోపలి పోగులు ఆరోగ్యంగా తేలేదాకా. రెండు కొసల మీదా పాకే సన్నటి రక్తనాళాన్ని గుర్తుగా పెట్టుకుని వాటిని ఎదురెదురుగా సరిపోలుస్తారు. మధ్యలో ఖాళీ ఎక్కువైతే లాగి కుట్టకూడదు. లాగితే ఆ కుట్టు ఫలించదు. పిక్క వెనక నుంచి తీసిన నరం ముక్కను అతుకు వేస్తారు. వాడే దారం తల వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. కుట్టడం అయిపోతే పని అయిపోయినట్టు కాదు. నరం కరెంటు తీగ కాదు, కలపగానే లైటు వెలగడానికి. కుట్టిన చోటి నుంచి కొత్త పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ పోవాలి, అంటే నెలకు మూడు సెంటీమీటర్లు. డాక్టర్ చేతి మీద వేలితో తట్టుకుంటూ వస్తే ఒకచోట జిల్లుమంటుంది. నెల నెలా ఆ చోటు కిందికి దిగుతుంటే పోగులు నడుస్తున్నట్టు లెక్క. మేనమామను అడిగితే మీ అమ్మాయికి ఆ చోట్లు చూపిస్తాడు.

మరోపక్క, నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే ఎండిపోయి పనికిరాకుండా పోతుంది. మెడ దగ్గరే నరాలు తెగితే అంత దూరం పోగులు వచ్చేలోపు కండ మిగలదు. అందుకు దగ్గరిదారిగా 1994లో ఓబర్లిన్ అనే ఫ్రెంచ్ సర్జన్, చిటికెన వేలి వైపు పోయే నరంలో ఒక పోగును పక్కనే ఉన్న మోచేతిని వంచే కండకు మళ్లించాడు. అదీ వీలుకాకపోతే పనిచేస్తున్న కండరపు స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) తీసి, పనిచేయని దాని స్థానంలో కలుపుతారు. ఈ చివరి విద్యకు మన దేశంలో పేరు తెచ్చినవి యుద్ధాలు కావు, కుష్ఠు. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో వేళ్లు ముడుచుకుపోయిన చేతులకు ఈ ఆపరేషన్లు మొదలుపెట్టారు. మన కూకట్‌పల్లిలోని శివానంద పునరావాస కేంద్రం దశాబ్దాలుగా సేవ చేస్తున్నది కూడా కుష్ఠు రోగులకే.

ఇంత చెప్పింది ఎందుకంటే, ‘వార్ సర్జన్’ అనే డిగ్రీ మన దగ్గర లేదు. అలాంటి సర్జన్ చేతులు తయారయ్యేది నగరం క్యాజువాల్టీల్లోనే. బాలానగర్‌లో పవర్ ప్రెస్ కింద పడ్డ వేళ్లు, సంక్రాంతికి చైనా మాంజా కోసిన మెడలు, మణికట్లు, బైకు ప్రమాదంలో మెడ దగ్గర నరాలు పీక్కుపోయి చెయ్యి మొత్తం పడిపోయిన కుర్రాళ్లు. సైనికుడికైనా డెలివరీ బాయ్‌కైనా నరం ఒకటే. సైనికులకు మాత్రమే చేస్తానంటే కుదరదని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇక చదువు. నీట్ రాసి ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. నీట్ పీజీ రాసి ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు. ఆపైన సూపర్ స్పెషాలిటీ సీట్ల కోసం నీట్ ఎస్ఎస్ రాసి ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ప్లాస్టిక్ సర్జరీ మరో మూడేళ్లు. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్ల డీఆర్ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ) కోర్సు కూడా ఉంది గానీ సీట్లు బహు తక్కువ. ఎక్కడా ఆగకపోతే ముప్ఫై ఏళ్లకు పూర్తవుతుంది. మధ్యలో ఒకటి రెండు అటెంప్టులు పోవడం మామూలే, కాబట్టి ముప్ఫై రెండు, మూడు అనుకోండి. పైగా నరాలు, చేతుల మీదే ఉండాలంటే హ్యాండ్, మైక్రోసర్జరీలో అదే నేషనల్ బోర్డు ఇచ్చే రెండేళ్ల ఎఫ్ఎన్‌బీ ఫెలోషిప్ ఉంది. కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రికి ఈ పనిలో దేశమంతటా పేరుంది. ఎంసీహెచ్ దాకా హైదరాబాద్ దాటకుండా చదవొచ్చు, ఉస్మానియాలోనూ నిమ్స్‌లోనూ ఉంది. సీటు ర్యాంకును బట్టే. కొన్ని నెలల ‘కాస్మెటిక్ సర్టిఫికెట్’ కోర్సుల ప్రకటనలు మాత్రం పట్టించుకోకండి. వాటితో ఎవరూ ప్లాస్టిక్ సర్జన్ కారు.

ఆర్మీ దారి వేరు. పుణెలోని సైనిక మెడికల్ కాలేజీ ఏఎఫ్ఎంసీలో ఎంబీబీఎస్ చదివితే ట్యూషన్ ఫీజు లేదు, కానీ తర్వాత సైన్యంలో పనిచేస్తానని బాండ్ రాయాలి. అమ్మాయిలకు సీట్లు ముప్ఫై చొప్పున ఇస్తూ వచ్చారు, ఈ ఏడాది సంఖ్య ప్రకటనలో సరిచూసుకోండి. బయట చదివిన డాక్టర్లు కూడా షార్ట్ సర్వీస్ కమిషన్‌తో (పరిమిత కాలపు ఉద్యోగంతో) చేరవచ్చు. అయితే సైన్యంలో చేరగానే ప్లాస్టిక్ సర్జరీ చేతికివ్వరు. మొదటి ఏళ్లు ఏ యూనిట్‌లోనో జ్వరాలు, బెణుకులు చూడాలి, తర్వాత పీజీ, ఆపైన సూపర్ స్పెషాలిటీ. అది కూడా సైన్యం అవసరాన్ని బట్టే. యూనిఫాం మీద ప్రేమ ఉంటేనే ఈ దారి. సర్జరీ మీద మాత్రమే ప్రేమైతే బయట చదవడమే మేలని నా అభిప్రాయం.

ఆడపిల్లకు సరిపడుతుందా అన్నారు. ఈ పనికి కావలసింది బలం కాదు, కుదురు. తెగిన వేలు అతికించే ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, అర్ధరాత్రి మొదలై తెల్లారేదాకా కూడా. ఎమర్జెన్సీ కాల్స్ తప్పవు, మగ డాక్టరుకూ తప్పవు. పెళ్లి గురించి మీరు రాయలేదు గానీ ప్రశ్న వెనక అదీ ఉందనిపించింది. చదువు మధ్యలో పెళ్లి చేసుకుని ఎంసీహెచ్ పూర్తిచేసినవాళ్లు ఉన్నారు. పూర్తిచేయలేకపోయిన వాళ్లలో నేను చూసినంతవరకు అడ్డొచ్చింది ఆపరేషన్ గది కాదు, ఇంట్లో పంచుకునేవాళ్లు లేకపోవడం.

డబ్బు సంగతి సూటిగా. నరాల సర్జరీ ఒక్కటే చేస్తే కాస్మెటిక్ చేసేవాళ్లంత సంపాదన ఉండదు. ఎక్కువమంది రెండూ కలిపి చేస్తారు. అందులో తప్పేం లేదు.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే? నరం కుట్టాక నెలల తరబడి ఆ చేతితో పనిచేయించేది ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. వాళ్లు లేకపోతే సర్జన్ కుట్టు వృథా. కాలు పోయిన సైనికుడికి కృత్రిమ కాలు అమర్చేవాళ్ల కోసం ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ ఉంది. కటక్ దగ్గరి ఎస్వీనిర్తార్ అనే పునరావాస సంస్థ, కోల్‌కతాలోని జాతీయ అంగవైకల్య సంస్థ (ఎన్ఐఎల్డీ) ఈ చదువుకు పేరున్నవి. సైన్యానికి పుణెలో 1944 నుంచి ప్రత్యేకంగా కృత్రిమ అవయవాల కేంద్రమే ఉంది. దీన్ని ‘సెకండ్ ఆప్షన్’ అని అమ్మాయి ముందు తేలిక చేసి మాట్లాడకండి.

ఇది అమ్మాయికి. అమ్మా, నీకు కుదురుందో లేదో ఇంట్లోనే కొంత తెలుస్తుంది. పీజీ చేసేవాళ్లు మైక్రోసర్జరీ ప్రాక్టీసు మొదట రబ్బరు గ్లవ్ ముక్క మీద, తర్వాత చికెన్ షాపు లెగ్ పీస్‌లోని రక్తనాళం మీద చేస్తారు. నీకు మైక్రోస్కోప్ అక్కర్లేదు. గ్లవ్ మీద బ్లేడుతో చిన్న గాటు పెట్టి, సన్న సూదితో ఎడంగా లేకుండా, ముడత పడకుండా కుట్టు. చేతులు వణికితే కంగారు పడకు, అందరికీ వణుకుతాయి. విప్పి మళ్లీ కుట్టబుద్ధవుతోందా లేదా అన్నదే చూసుకో. ఇదంతా నీట్ అయ్యాకే. ఇప్పుడైతే ఫిజిక్స్ చూడు, బైపీసీ పిల్లలకు ర్యాంకు పోయేది ఎక్కువగా అక్కడే.

తండ్రిగారూ, ఏఎఫ్ఎంసీ గురించి ఒక్క జాగ్రత్త. దానికి విడిగా పిలుపు రాదు. నీట్ ఫలితాల తర్వాత ఎంసీసీ (మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ జరిపే కేంద్ర కమిటీ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ పెట్టాలి. అక్కడ మరిచిపోతే ర్యాంకు ఎంత బాగున్నా ఇంటర్వ్యూ జాబితాలో పేరుండదు.