బోర్డు లేకుండా మైక్రోకంట్రోలర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. రోజూ అర్ధరాత్రి దాకా లాప్‌టాప్‌లో ఏదో ఎమ్యులేటర్ పెట్టుకుని కూర్చుంటాడు. మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్ ఉన్న బోర్డును తెర మీదే అనుకరించే సాఫ్ట్‌వేర్ అట. చేతిలో బోర్డు లేదు, వైరు లేదు. వీడియో గేమ్‌లా ఉందని లాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టేశాను. ఎమ్యులేటర్ మంచిదా, అసలు బోర్డు మంచిదా? లేక లక్ష రూపాయలు కట్టి, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్న ఎంబెడెడ్ (యంత్రాల్లోని చిప్‌లకు ప్రోగ్రాం రాసే) కోర్సులో చేర్చమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ లాప్‌టాప్ బీరువాలోంచి తీసి ఇచ్చేయండి. వాడేం చేస్తున్నాడో ఒక్కసారైనా అడగకుండా లాక్కోవడం తప్పు.

అబ్బాయి టైం పాడు చేసుకుంటున్నాడేమో, నలుగురి పిల్లల కంటే వెనకబడతాడేమో అన్నదే మీ అసలు భయం. దాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతుకుతూ రాత్రి పన్నెండు దాకా కూర్చునే పిల్లాడు వెనకబడడు.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మోటారు నలభై సెకన్లు తిరిగి ఆగిపోవాలి. ఎంతకీ ఆగడం లేదు. వోక్వి అనే ఎమ్యులేటర్‌లో ఆర్డుయినో ఊనో అనే బోర్డు మీద అదే ప్రోగ్రాం నడిపి, ప్రోగ్రాంని మధ్యలో ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టి, గడిచిన మిల్లీసెకన్లు దాచే వేరియబుల్‌ని చూస్తూ కూర్చుంది. 32767 దాకా పెరిగింది, ఆ వెంటనే మైనస్ 32768 అయింది. ఆ వేరియబుల్ ఇంట్ అనే రకం; ఆ చిప్‌లో ఇంట్ అంటే 16 బిట్లే, 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు కాబట్టి నలభై సెకన్లకు రావాల్సిన 40000 ఎప్పటికీ రాదు. ఇంట్ తీసేసి, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ పెట్టగానే మోటారు ఆగింది. బోర్డు మీదైతే మోటారు తిరుగుతూనే ఉండేది, ఎందుకో మాత్రం కనిపించేది కాదు. ఎంబెడెడ్ ఉద్యోగంలో రోజూ చేసేది ఇలా వెతకడమే.

ఇక బోర్డు మాటకొస్తే, అదీ కావాలి. ఎమ్యులేటర్‌లో కరెంటు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. నిజం మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. వైరు లూజుగా ఉంటుంది. ఇవి చేత్తో పట్టుకుంటేనే తెలుస్తాయి. ఊనో లాంటి బోర్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ముందు ఎమ్యులేటర్‌లో నడిపి, తర్వాత బోర్డు మీదికి ఎక్కించమనండి. ఊనో బాగా వచ్చాక, క్యూఎము అనే మరో ఎమ్యులేటర్‌లో ఏఆర్ఎం అనే వేరే రకం చిప్ ప్రోగ్రాంని, తప్పులు వెతికే జీడీబీ అనే సాఫ్ట్‌వేర్‌తో డీబగ్ చేయడం మొదలుపెట్టవచ్చు. క్యూఎము, జీడీబీ రెండూ ఉచితమే.

లక్ష రూపాయల కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇప్పుడంతా ఎంబెడెడ్, ఐఓటీ (ఇంటర్నెట్‌కి కలిపిన పరికరాలు) అంటున్నారు. అలాంటి కోర్సు చేసి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. సర్టిఫికెట్ ఉంటుంది, కిట్టు ఉంటుంది, సార్ రాయించిన పది ప్రాజెక్టులు ఉంటాయి. అందులో ఒక లైను మార్చి ‘ఇప్పుడేమవుతుంది?’ అంటే నోరు తెరవరు. గ్యారంటీ అన్న మాటకు ఎవరు పూచీ, ఏ కంపెనీలో, ఎంత జీతానికి అని కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే డబ్బు కట్టకండి. మంచి గురువు దొరికితే కోర్సు పనికొస్తుంది, కాదనను. కానీ మీరు కట్టాలనుకుంటున్నది గురువును చూసి కాదు, మీ టెన్షన్ తగ్గించుకోవడానికి.

మీ అబ్బాయి గురించి నాకు బెంగ లేదు. ఈ రాత్రి లాప్‌టాప్ ఇచ్చి, పక్కనే కుర్చీ వేసుకుని, ‘ఏదీ, ఎక్కడ ఆగిందో చూపించు నాన్నా’ అనండి.