డిఫెన్స్ కోచ్ అవుతానంటున్న అబ్బాయికి

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. డిగ్రీ చేతికొస్తుంటే ఉద్యోగం వెతక్కుండా అమెరికన్ ఫుట్‌బాల్ డిఫెన్స్ కోచింగ్‌లోకి వెళ్తానన్నావట. మీ నాన్నది ఒకటే ప్రశ్న: కాలేజీలో ఆడనివాణ్ణి ఎన్ఎఫ్ఎల్‌లోకి (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) ఎవరు రానిస్తారని. ఆయనకు మైక్ మెక్‌డొనాల్డ్ సంగతి చెప్పు. అతనూ కాలేజీలో ఆడలేదు. జార్జియా యూనివర్సిటీలో ఫైనాన్స్ చదువుతూ ఆ ఊళ్లోనే ఒక హైస్కూల్లో కోచింగ్ మొదలుపెట్టాడు. 2010లో అదే యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, 2014లో బాల్టిమోర్ రేవెన్స్‌లో ఇంటర్న్. అక్కడే డిఫెన్సివ్ బ్యాక్స్ (వెనక నిలబడి పాసులు ఆపేవాళ్లు) కోచ్, ఆ తర్వాత లైన్‌బ్యాకర్స్ (ముందు లైన్‌కీ వాళ్లకీ మధ్య నిలబడేవాళ్లు) కోచ్ అయ్యాడు. 2021లో మిషిగన్ యూనివర్సిటీకి డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్ మొత్తాన్నీ నడిపే కోచ్) వెళ్లి, మరుసటి ఏడాదే అదే హోదాతో రేవెన్స్‌కి తిరిగొచ్చాడు. 2024లో సియాటిల్ సీహాక్స్ హెడ్ కోచ్.

అందరికీ ఇంత తొందరగా అవదని కూడా చెప్పు. రాబర్ట్ సాలా 2005లో హ్యూస్టన్ టెక్సన్స్‌లో ఇంటర్న్‌గా చేరాడు. క్వాలిటీ కంట్రోల్ (ఫిల్మ్ చూసి ప్రత్యర్థి ఆటను రాసిచ్చే పని) చేసి, అసిస్టెంట్ లైన్‌బ్యాకర్స్ కోచ్ దాకా వచ్చాడు. 2011లో సియాటిల్ వెళ్లి మళ్లీ క్వాలిటీ కంట్రోల్ కుర్చీలోనే కూర్చున్నాడు. కోఆర్డినేటర్ అయింది 2017లో. హోదా ఒక మెట్టు దిగినా, నేర్పే గది మంచిదైతే వెళ్లడంలో నష్టం లేదు.

మెట్లు నీకు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా: కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (ఫీజు మాఫీ, చేతిఖర్చుకు కొంత, పక్కన మాస్టర్స్), ఎన్ఎఫ్ఎల్‌లో క్వాలిటీ కంట్రోల్, ఏదో ఒక పొజిషన్‌కి అసిస్టెంట్, ఆ పొజిషన్‌కి కోచ్, రన్ గేమ్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆట) లేదా పాస్ గేమ్ (బంతి విసిరే ఆట) కోఆర్డినేటర్, ఆపైన డిఫెన్సివ్ కోఆర్డినేటర్. పై నాలుగు మెట్ల గురించి ఇప్పుడు ఆలోచించకు. కింది రెండు మెట్ల దగ్గర చేసే పనిని చాలామంది గుమాస్తా పని అనుకుని చెడగొట్టుకుంటారు. తర్వాత పేరుమోసిన హెడ్ కోచ్ అయిన బిల్ బెలిచిక్ 1975లో బాల్టిమోర్ కోల్ట్స్‌లో వారానికి 25 డాలర్లకు చేసింది ఆ పనే, ఫిల్మ్ విప్పి రాసివ్వడం.

ఆ పని ఎలా చేయాలో చెప్తాను. వచ్చే వారం ప్రత్యర్థి ఆడిన చివరి నాలుగు ఆటలు తీసుకుంటే, ఆటకు అరవై చిల్లర చొప్పున దాదాపు 250 ప్లేలు. ఒక్కొక్కదానికి డౌన్ (పది గజాలు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హ్యాష్ (మైదానం మధ్యలో బంతిని పెట్టే గీతల వరస) మీద ఉంది, పర్సనెల్, ఫార్మేషన్ (నిలబడ్డ తీరు), మోషన్ (ప్లేకి ముందు ఒకడు పక్కకు కదలడం), ఏం ఆడారు, ఎన్ని గజాలు వచ్చాయి అని నింపాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది పర్సనెల్ దగ్గర. పర్సనెల్ అంటే మైదానంలోకి ఎవరు వచ్చారన్నది, ఎక్కడ నిలబడ్డారన్నది కాదు. దాన్ని రెండంకెలతో రాస్తారు: మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు), రెండోది టైట్ ఎండ్‌లు (లైన్ పక్కన నిలబడి అడ్డుకోవడమూ పాసు పట్టడమూ చేసేవాళ్లు). ఒక రన్నింగ్ బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు వచ్చి, ఆ టైట్ ఎండ్‌లలో ఒకడు రిసీవర్‌లా (పాసు పట్టేవాడిలా) బయటికి వెళ్లి నిలబడితే అది 12 పర్సనెల్లే. వాణ్ణి రిసీవర్ అనుకుని నువ్వు 11 అని రాస్తే, ఆ జట్టు 11లో ఎక్కువగా పరిగెడుతుందని లెక్క వస్తుంది. కోఆర్డినేటర్ అది నమ్మి నికెల్‌కి (ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్స్) బదులు బేస్ (నలుగురే) పంపుతాడు, ఆదివారం మూడో రిసీవర్ వెనక లైన్‌బ్యాకర్ ఆయాసపడుతూ పరిగెత్తుతాడు. అందుకే ఫార్మేషన్ చూసి కాదు, జెర్సీ నంబర్లు చూసి రాయాలి.

రెండో తప్పు, అన్ని ప్లేలనూ ఒకే మూటలో కట్టడం. ఇరవై పాయింట్లు వెనకబడ్డ జట్టు నాలుగో క్వార్టర్లో విసిరే పాసులు ఆ జట్టు స్వభావాన్ని చెప్పవు. వాటికి వేరే గుర్తు పెట్టు. ప్రతి సగం చివరి రెండు నిమిషాలకూ అంతే. మూడోది శాతాల మోజు. రెడ్ జోన్‌లో (గోల్ గీతకు ముందు ఇరవై గజాలు) మూడో డౌన్, రెండు మూడు గజాలు కావాల్సినవి నాలుగే ప్లేలుంటే, 75 శాతం అంటే మూడు సార్లు. శాతం పక్కన సంఖ్య కూడా రాయి. నీకు ఎక్సెల్ బాగా వచ్చు కదా, అది ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. కానీ నలభై పేజీల రిపోర్టు ఇవ్వకు. ప్రతి పరిస్థితికీ ఒక పేజీ, పేజీకి రెండు మూడు సంగతులు, వాటికి రుజువుగా వీడియో ముక్కలు, సైడ్‌లైన్ కోణమూ ఎండ్ జోన్ కోణమూ పక్కపక్కనే. అది చాలు.

తర్వాత కార్డులు. ప్రాక్టీసులో ప్రత్యర్థి ఆటను మన స్కౌట్ టీమ్ ఆడి చూపించేది నువ్వు గీసిన కార్డు చూసే. పది సెకన్లలో పదకొండు మందికి అర్థం కావాలి: లావు మార్కర్, పెద్ద అంకెలు, ప్రతి లైన్‌మన్ ఎవరిని అడ్డుకోవాలో గీత. ఆ పిరియడ్‌లో మన డిఫెన్స్ ఏ ఫ్రంట్‌లో (ముందు వరస అమరిక) ఉంటుందో ముందు కనుక్కుని దాని మీదే గీయి. ఫ్రంట్ మారితే గీతలన్నీ తప్పవుతాయి, మన లైన్‌బ్యాకర్ ఆదివారం కనిపించని దారి చూసి అలవాటు పడతాడు. రిసీవర్ ఎంత దూరంలో నిలబడ్డాడో కూడా కొలిచినట్టు గీయాలి. రెండు గజాలు లోపలికి జరిగినా వాడు పరిగెత్తే రూటు మారుతుంది.

ఇంత చేశాక కూడా నువ్వు సగం కోచ్‌వే, ఎదుటివాళ్ల పాస్ ప్రొటెక్షన్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే తీరు) తెలియకపోతే. బ్లిట్జ్ (మామూలు నలుగురికంటే ఎక్కువమందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపడం) గీయడం ఎవరికైనా వచ్చు. లైన్ మధ్యలోని సెంటర్ ఎటు జరుగుతాడు, జరగని వైపు గార్డు (సెంటర్ పక్కవాడు), ట్యాకిల్ (లైన్ చివరివాడు) ఎవరిని పట్టుకుంటారు, రన్నింగ్ బ్యాక్ మొదట ఎవరిని చూస్తాడు అన్నది మూడో డౌన్ ప్లేలన్నింటికీ వేరే కాలమ్‌లో రాసుకో. సెంటర్ ఎవరి వైపు జరుగుతాడో ఆ లైన్‌బ్యాకర్ వెనక్కి తగ్గి, అవతలివైపు నుంచి నికెల్ (ఐదో డిఫెన్సివ్ బ్యాక్) వస్తే, నలుగురినే పంపినా ఒకడికి అడ్డు ఉండదు. ఎక్కువమందిని పంపడం వేరు, లెక్క తప్పించడం వేరు. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్లో (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) ఫిలడెల్ఫియా ఈగల్స్ కోఆర్డినేటర్ విక్ ఫాంజియో డిఫెన్స్ ఒక్క బ్లిట్జ్ కూడా పంపకుండా కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టింది. అక్కడ ముందు నలుగురి బలమూ ఉందిలే, ఆ నలుగురు అన్ని జట్లకూ దొరకరు. అందుకే వీలైతే ఒక ఆఫ్‌సీజన్ ఆఫెన్సివ్ లైన్ కోచ్ గదిలో వెనక బెంచీ మీద కూర్చోనిమ్మని అడుగు.

గది మాటొచ్చింది కాబట్టి: మొదటి ఆరేళ్లలో ఫ్రంట్ ఒకసారి, సెకండరీ (డిఫెన్సివ్ బ్యాక్స్ వరస) ఒకసారి నేర్పి తీరాలి. మెక్‌డొనాల్డ్ దారిలో నాకు నచ్చింది అదే. లైన్‌తో మాత్రమే పనిచేసినవాడు కవరేజీని (రిసీవర్లను కాచే తీరు) చేతికందని వ్యవహారంలా చూస్తాడు. కార్నర్లకు (అంచుల్లో రిసీవర్లను కాచేవాళ్లు) మాత్రమే నేర్పినవాడికి 3 టెక్నిక్‌లో ఉన్నవాడు, అంటే గార్డు బయటి భుజానికి ఎదురుగా నిలబడ్డవాడు, B గ్యాప్ (గార్డుకీ ట్యాకిల్‌కీ మధ్య సందు) వదిలేస్తే వెనక సేఫ్టీ (అందరికంటే వెనకుండే డిఫెండర్) మీద ఎంత భారం పడుతుందో తెలియదు. ఎటువైపూ మొగ్గకుండా రెండింటినీ కలిపి చూసే చోటు లైన్‌బ్యాకర్స్ గది. దొరికితే వదలకు.

కాలేజీ నుంచి ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లేటప్పుడు తెచ్చుకున్న ప్లేబుక్‌ని అలాగే దించకూడదు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అంటే ఇక్కడ బంతి ఎప్పుడూ దాదాపు నడిమధ్యలోనే ఉంటుంది, వెడల్పు వైపు, ఇరుకు వైపు అని పెట్టుకున్న పిలుపుల్లో (ఏం ఆడాలో ఆటగాళ్లకు చెప్పే మాటలు) సగం ఉత్తవైపోతాయి. ఎన్ఎఫ్ఎల్‌లో రిసీవర్‌ని ఐదు గజాలు దాటాక తాకకూడదు, కాలేజీలో ఆ నిబంధన లేదు, కాబట్టి కార్నర్లకు నేర్పే చేతుల పని మొదటినుంచి మార్చాలి. పాస్ ప్లేలో ఆఫెన్స్ లైన్‌మన్ కాలేజీలో మూడు గజాలు ముందుకు పోవచ్చు, ఇక్కడ ఒక్క గజమే. అందువల్ల లైన్‌మన్ కదలిక చూసి రన్నా పాసా అని గుర్తుపట్టడం లైన్‌బ్యాకర్‌కి ఇక్కడ కాస్త తేలిక.

పొజిషన్ కోచ్ అయ్యాక నీకు తెలిసినదానికి విలువ తగ్గుతుంది, ఆటగాడికి ఎంత ఎక్కిందన్నదే లెక్క. సోమవారం తప్పులు దిద్దడం, మంగళవారం ఆటగాళ్లకు సెలవు, కోచ్‌లకు రాత్రిదాకా ప్లాన్. బుధవారం మొదటి రెండు డౌన్లు, గురువారం మూడో డౌన్, శుక్రవారం రెడ్ జోన్. చాలా జట్లలో ఇదే వరస. సీజన్‌లో ప్యాడ్‌లు కట్టి చేయగల ప్రాక్టీసులు మొత్తం 14 మాత్రమే. కాబట్టి ఒక వారంలో కొత్త పిలుపులు ఎన్ని పెడతావన్నది ఒళ్లు దగ్గర పెట్టుకుని తేల్చు. గురువారం ప్రాక్టీసులో రెండుసార్లూ తప్పిన పిలుపుని కొట్టేయి, అది నువ్వే కనిపెట్టిందైనా సరే.

పిలుపులు చిన్నవిగా ఎందుకుండాలో కూడా తెలుసుకో. 2008 నుంచి డిఫెన్స్‌లో ఒకడి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే స్పీకర్ ఉంటుంది, వెనక ఆకుపచ్చ చుక్క గుర్తు. ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టడానికి మిగిలిన సమయం) 15 సెకన్లకు దిగగానే అది మూగబోతుంది. ఎదుటి జట్టు ఎవరిని మార్చిందో చూసి, పిలుపు ఎంచుకుని, చెప్పి, వాడు మిగతా పదిమందికీ అందించేలోపు మోషన్ మొదలవుతుంది. ఎనిమిది ముక్కల పిలుపు అక్కడ పనికిరాదు. ఇప్పటినుంచే ఇంట్లో టీవీ శబ్దం తీసేసి, స్టాప్‌వాచ్ పెట్టుకుని, ప్రతి ప్లేకీ బయటికి గట్టిగా పిలువు. వారం తర్వాత రాసుకున్నది చూస్తే నువ్వే ఒకే కవరేజీని ఎన్నిసార్లు అరుస్తున్నావో తెలుస్తుంది.

ఇక పని దొరికే దారులు. జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశం, ఆ నెలాఖరు ప్రాంతంలో అలబామాలోని మొబైల్ నగరంలో సీనియర్ బౌల్ (కాలేజీ ఆఖరి ఏడాది ఆటగాళ్ల ప్రదర్శన ఆట). వెళ్లు, కానీ చేతిలో రెజ్యూమే కట్టలు పట్టుకుని లాబీలో తిరగకు. ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక ప్రత్యర్థి మీద నువ్వే చేసిన మూడు పేజీల మూడో డౌన్ రిపోర్టు ఉంచుకో. బిల్ వాల్ష్ డైవర్సిటీ ఫెలోషిప్ కింద శిక్షణ శిబిరాల్లోకి తీసుకుంటారు, మన పిల్లలకు అది తలుపే, అర్హత చూసుకో. ఒప్పందంలో ఉన్న అసిస్టెంట్‌ని అదే హోదాకి వేరే జట్టు అడిగితే నీ జట్టు ఆపగలదు. కోఆర్డినేటర్ పదవి ఇంటర్వ్యూకి మాత్రం 2020 నుంచి ఆపకూడదు. హెడ్ కోచ్‌ని తీసేసిన రోజు మొత్తం సిబ్బంది పెట్టెలు సర్దుకోవడం మామూలే. కాబట్టి సొంతిల్లు కొనకు, అద్దెకుండు. కొత్త టీమ్ ఇచ్చే ల్యాప్‌టాప్‌లో కాక నీ నోట్సు నీ సొంత పుస్తకంలో ఉండాలి. జట్టు ప్లేబుక్ మాత్రం జట్టుది, దాన్ని కాపీ చేసుకుని పోతే ఆ మాట నీకంటే ముందే తర్వాతి ఊరికి చేరుతుంది.

ముందు ఒక పని చెయ్యి. నీకు నచ్చిన ఏ జట్టుదైనా రెండు ఆటల మూడో డౌన్లు తీసుకుని, ప్రొటెక్షన్ కాలమ్‌తో సహా నింపి పంపు. జెర్సీ నంబర్లు చూసి రాశావో లేదో మొదట చూసేది అదే.

ఇట్లు,
బాబాయి