తాతగారి స్ట్రోక్ చూశాక పాప బ్రెయిన్ రీసెర్చ్ చేస్తానంటోంది, పంపొచ్చా?

గాజువాక నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్ళ మావగారికి కొన్ని నెలల క్రితం మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చిందట. కాలూ చెయ్యీ కాస్త కుదుటపడ్డాయి గానీ కంచంలో కుడిపక్క అన్నం మాత్రమే తిని ఇంకా పెట్టమంటున్నారు, ఎడంపక్కది అలాగే ఉండిపోతోంది, నడుస్తుంటే ఎడం భుజం గుమ్మానికి కొట్టుకుంటోంది, కళ్ళ డాక్టర్‌కి చూపిస్తే కళ్ళు బానే ఉన్నాయన్నారు. ఇంటర్ బైపీసీ అయిపోయిన మనవరాలు ఇదంతా దగ్గరుండి చూసి, దాని గురించి చదివి, నేను దీని మీదే రీసెర్చ్ చేస్తానని కూర్చుంది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటొచ్చే ర్యాంక్ రాలేదు, చుట్టాలు బీఎస్సీ నర్సింగో బీఫార్మసీయో చేర్పించెయ్యమంటున్నారు. అసలు ఇలాంటి చదువు ఉందా, డాక్టర్ కాకుండా బ్రెయిన్ మీద పని చెయ్యనిస్తారా, రేపు దీంతో బతకగలదా అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, చెయ్యనిస్తారండీ, ఆ భయం పెట్టుకోకండి. ఈ ఫీల్డ్‌లో పెద్దపెద్ద పనులు చేసినవాళ్ళలో చాలామంది సైకాలజిస్టులే. లారెన్స్ వైస్‌క్రాంట్జ్ అనే ఆయన 1974లో డీబీ అనే పేషెంట్ మీద రాసిన పేపర్ ఉంది, మెదడుకి చేసిన ఆపరేషన్ వల్ల చూపు ఒక పక్క పోయిన మనిషి, ఆ పక్క ఏమీ కనపడట్లేదని చెప్తూనే అక్కడ పెట్టిన లైట్ ఎక్కడుందో వేలితో చూపించగలిగేవాడు. తర్వాత మిల్నర్, గుడేల్ అని ఇద్దరు, వాళ్ళూ సైకాలజిస్టులే, కార్బన్ మోనాక్సైడ్ వల్ల మెదడు దెబ్బతిన్న ఒకావిడని ఏళ్ళ తరబడి స్టడీ చేశారు. పోస్ట్ డబ్బా లాంటి దాంట్లో కన్నం నిలువుగా ఉందా అడ్డంగా ఉందా అంటే చెప్పలేదు, కార్డు చేతికిచ్చి అందులో వెయ్యమంటే సరిగ్గా తిప్పి వేసేసేది. వస్తువుని గుర్తుపట్టే దారి వేరు, దానికి తగ్గట్టు చెయ్యి కదిపే దారి వేరు అని 1992లో వాళ్ళు గట్టిగా చెప్పింది ఇలాంటి పరీక్షల మీద నిలబడే.

మీ మావగారి సంగతి వేరే రకం. డాక్టర్ గారే ఖాయం చెయ్యాలి గానీ మీరు రాసింది చూస్తే స్పేషియల్ నెగ్లెక్ట్ లాగా ఉంది, అంటే కంటికి చూపు ఉంటుంది, మెదడు ఎడంవైపుని పట్టించుకోదు. మెదడులో పైన వెనకవైపు ఉండే పెరైటల్ భాగం, అదీ కుడివైపుది, దాని చుట్టుపక్కల దెబ్బతింటే ఎక్కువగా వస్తుంది. సగం చూపు పోవడం, దాన్ని హెమియనోపియా అంటారు, అది ఇంకో సమస్య. ఆ మనిషికి తన లోటు తెలిస్తే తలతిప్పి చూసుకుంటాడు, నెగ్లెక్ట్ ఉన్నాయనకి అటువైపు ఏదో మిగిలిపోయిందన్న ఆలోచనే రాదు. అందుకే మొండికేస్తున్నారని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, పాపం ఆయన తప్పేం లేదు. చదివేటప్పుడు కూడా 'విశాఖపట్నం' అని బోర్డు ఉంటే 'పట్నం' అని చదివేసి ముందుకెళ్ళిపోవచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటి చెప్తాను, పాపకి ఇప్పటికే తెలిసే ఉంటుంది, మీకోసం చెప్తున్నా. 1978లో ఇటలీలో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు ఇలాంటి పేషెంట్లని మిలాన్‌లో పెద్ద చర్చి ఉన్న కూడలి కళ్ళు మూసుకుని ఊహించుకోమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహిస్తే కుడిపక్క బిల్డింగులే చెప్పారు, చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే ఇందాక వదిలేసినవి చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. మన ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర సముద్రం వైపు తిరిగి నిలబడ్డట్టు ఊహించుకోండి, మీ మావగారు అయితే కుడిపక్క డాల్ఫిన్స్ నోస్ చెప్పి ఎడంపక్క కురుసుర సబ్‌మెరైన్ వదిలేయొచ్చు, సముద్రానికి వీపు పెట్టినట్టు అనుకోమంటే అదే సబ్‌మెరైన్ ముందు చెప్పొచ్చు. అంటే జ్ఞాపకం పోలేదు, లోపల బొమ్మలో కూడా ఎడంపక్కకి వెళ్ళలేకపోతున్నారు. ఒక పెన్నూ కాగితం లేకుండా, రెండు ప్రశ్నలతో ఎంత పెద్ద విషయం బయటికొచ్చిందో చూడండి. మీ పాపని పట్టేసింది ఇదే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాపని ఒకటే అడగండి, నీకు తాతగారు బాగవ్వడం ముఖ్యమా, తాతగారికి ఎందుకు ఇలా అయిందో తెలుసుకోవడం ముఖ్యమా అని. రెండూ అంటుంది, ఆ వయసులో అందరూ అలాగే అంటారు, అయినా ఒక వారం ఆలోచించి చెప్పమనండి, ఎందుకంటే చదువులు అక్కడే రెండుగా చీలిపోతాయి. సగం మంది పిల్లలు న్యూరోసైన్స్ అన్న పేరు చూసి ఏదో ప్రైవేట్ యూనివర్సిటీలో లక్షలు కట్టి చేరిపోయి, మూడో ఏడాదిలో నాకు పేషెంట్లతో ఉండాలనుందండీ అని వస్తారు, అప్పటికి లేటు.

పేషెంట్లతో పనే కావాలంటే బైపీసీ వాళ్ళకి నేను ముందు చెప్పేది ఆక్యుపేషనల్ థెరపీ. మన వైపు దీని గురించి ఎవరికీ తెలీదు, ఫిజియోథెరపీ అనుకుంటారు. స్ట్రోక్ వచ్చినాయన మళ్ళీ చొక్కా ఎడం చెయ్యి తొడుక్కోవడం, కంచం మొత్తం తినడం, ఇంట్లో దెబ్బ తగలకుండా తిరగడం నేర్పేది వీళ్ళు. మనకి దగ్గర్లో కటక్ పక్కన కేంద్ర ప్రభుత్వానిది స్వామి వివేకానంద పునరావాస సంస్థ ఉంది, ఎస్వీనిర్తార్ అంటారు, విశాఖ నుంచి రైలెక్కితే ఒక రాత్రి దూరం. అడ్మిషన్ రూల్స్ మారుతూ ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకునే అప్లై చెయ్యండి. నర్సింగ్ మంచి చదువే, కాదనను, కానీ పాప అడుగుతున్నది అది కాదు కదండీ.

లేదు, ఎందుకు అన్న ప్రశ్నే నిద్రపట్టనివ్వట్లేదు అంటే సైకాలజీ ఉన్న డిగ్రీ చేసి కాగ్నిటివ్ సైన్స్, అంటే మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే సబ్జెక్ట్, దాంట్లో పీజీకి వెళ్ళడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ఐఐటీ గాంధీనగర్‌లో, ఐఐటీ కాన్పూర్‌లో, అలహాబాద్ యూనివర్సిటీలో కూడా కాగ్నిటివ్ సైన్స్ ఉంది. మన ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది, ఇంట్లోంచే చదువుకోవాలంటే అదొక దారి. తర్వాత పీహెచ్‌డీ. ఈ రెండు దారుల మధ్యలో క్లినికల్ సైకాలజీ ఉంది, పేషెంట్లకి పరీక్షలూ చెయ్యొచ్చు రీసెర్చూ చెయ్యొచ్చు, బెంగళూరులో మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో న్యూరోసైకాలజీ పని చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చెయ్యాలంటే ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సే చెయ్యాలి, ఆ గుర్తింపు లేని కోర్సు ఎంత గొప్పగా చెప్పినా చేరకండి. ఆప్టోమెట్రీ, అంటే కంటిచూపు పరీక్షల చదువు, అది కూడా ఆలోచించొచ్చు, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా, చూపు వైపు నుంచి ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునేవాళ్ళకి.

బతుకుతెరువు గురించి దాచకుండా చెప్తాను. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అయ్యేసరికి దాదాపు పదేళ్ళు, ఈలోపు క్లాస్‌మేట్లు ఐటీ ఉద్యోగాల్లో సెటిల్ అయిపోతారు, చుట్టాలు అడుగుతూనే ఉంటారు. జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, పైన ఇంటద్దె భత్యం, అంటే పీహెచ్‌డీలో మీరు డబ్బులు పంపాల్సిన పని ఉండదు. విశాఖలో ఈ రీసెర్చ్ ఉద్యోగాలు చాలా తక్కువ, హైదరాబాదో బెంగళూరో వెళ్ళాలి, ఆ మాట ఇప్పుడే ఇంట్లో అనుకోండి. థెరపీ దారి అయితే తొందరగా సంపాదన మొదలవుతుంది, విశాఖలోనే ఉండొచ్చు కూడా.

అయినా ఈ పిల్లని ఆపకండి అనే చెప్తాను. ఎందుకంటే మన భాషలో చెయ్యాల్సిన పని చాలా మిగిలిపోయింది. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అక్షరాల్లో ఒక అక్షరాన్ని వెతికి కొట్టేసే పరీక్ష ఉంటుంది, నెగ్లెక్ట్ ఉన్నవాళ్ళు ఎడంపక్కవి వదిలేస్తారు. అది ఇంగ్లీష్ అక్షరాలతో చేసింది, తెలుగు తప్ప రాని శ్రీకాకుళం పెద్దాయనకి ఇచ్చి మార్కులు వేస్తే ఏం తెలుస్తుంది? గుణింతాలు, వత్తులు ఉన్న మన లిపికి, బడికెళ్ళని వాళ్ళకి, తగ్గట్టు పరీక్షలు తయారవ్వాలి. మన దగ్గర చేస్తే ప్రపంచం చూడదా అనుకోకండి, హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 608 మంది స్ట్రోక్ పేషెంట్లని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు 40 శాతం, ఒకే భాషవాళ్ళలో 20 శాతం లోపే అని 2016లో ప్రచురిస్తే విదేశాల్లో కూడా దాని గురించి రాశారు.

డిగ్రీలో చేరేలోపు పాపని స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష మొదలెట్టమనండి, ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా, బైపీసీ పిల్లలు లెక్కలు తప్పించుకోడానికి సైకాలజీ అనుకుంటారు, ఈ సబ్జెక్ట్‌లో డేటా లేకుండా ఒక్క అడుగు పడదు. సైకోపై అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రయోగాలు అందులోనే తయారుచేస్తారు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కాగ్నిటివ్ సైకాలజీ పాఠాలు కూడా ఫ్రీ.

తాతగారి విషయం కూడా రెండు ముక్కలు. ఆయన్ని రోడ్డు ఒంటరిగా దాటనివ్వకండి, బండి అసలు ఇవ్వకండి. అన్నం మధ్యలో కంచం తిప్పండి, పేపర్ చదివేటప్పుడు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి అది కనపడేదాకా తల తిప్పమని చెప్పండి, మాట్లాడేటప్పుడు మెల్లగా ఎడంవైపు నుంచి పలకరించి అటు తిరిగేలా చెయ్యండి. న్యూరాలజిస్ట్‌ని అడిగి రీహాబ్‌కి రాయించుకోండి, వెళ్ళేటప్పుడు పాపని కూడా తీసుకెళ్ళండి, థెరపిస్ట్ ఒప్పుకుంటే పక్కన కూర్చుని మొత్తం సెషన్ చూడనివ్వండి. అది చూశాక తనకి చెయ్యి కలపాలనిపించిందా, నోట్‌బుక్ తీసి రాసుకోవాలనిపించిందా అని అడిగి, జవాబు నాకు రాయండి, దాన్ని బట్టి ఏ కాలేజీలకి అప్లై చెయ్యాలో పేర్లతో సహా చెప్తాను.