ఫోన్ జీపీఎస్: అరువా, పంపకమా?

సందేహం: నా ట్యాబ్‌లో జీపీఎస్ లేదు. ఫోన్‌లోది బ్లూటూత్ మీద దానికి అందేలా చేసి, పెద్ద తెర మీద దారి చూసుకుంటున్నాను. ఈ పద్ధతిని నలుగురికీ చెబుతూ 'ఫోన్ జీపీఎస్‌ను ట్యాబ్‌కు అరువివ్వడం' అని రాశాను. ఇచ్చాక కూడా అది ఫోన్‌లో ఉంటుంది కాబట్టి అరువు కాదు, 'పంచుకోవడం' అనాలని ఒక మిత్రుడు తప్పుపట్టాడు. ఏది సరి? నావిగేషన్‌ను 'మార్గనిర్దేశనం' అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు తప్పు పట్టడం బాగానే ఉంది, దిద్దడమే బాగాలేదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే మొత్తం ఏ ఒక్కరి దగ్గరా మిగలదు. పంపకమంటే అదే. ఫోన్‌లో ఏమీ తరగడం లేదన్నదే అభ్యంతరమైతే 'పంచుకోవడం' ఇంకా పనికిరాదు. ఇంగ్లీషు షేర్‌ను చూసి ఈమధ్య ఫొటోలు పంచుకుంటున్నాం, లింకులు పంచుకుంటున్నాం. ప్రముఖులు 'అభిప్రాయాలు పంచుకున్నారు' అని చదివినప్పుడల్లా, చెరి సగమా అని అడగాలనిపిస్తుంది నాకు. బాధ పంచుకోవడం మాత్రం సరే, అది నిజంగానే తగ్గుతుంది.

అరువు సంగతి వేరు. దీని పాత రూపం ఎరవు. కన్నడంలోనూ ఎరవే. తమిళంలో 'ఇర' అంటే యాచించు, 'ఇరవు' అంటే యాచన; తమిళుల నీతికావ్యం తిరుక్కురళ్‌లో 106వ అధికారం, అంటే అధ్యాయం, పేరు అదే. తమిళ ఇకారం ఉన్నచోట మనకు ఎకారం కనిపించడం కొత్తేమీ కాదు, వాళ్ల 'విలై' మన 'వెల'. అంటే ఈ మాట మూలంలో ఉన్నది చెయ్యి చాపి అడగడం. ఇచ్చినవాడి దగ్గర ఏం మిగిలిందన్న లెక్క అందులో లేదు. పొలానికి వేసే ఎరువుతో దీన్ని కలపకండి.

అప్పుకూ అరువుకూ ఉన్న తేడాను మన సామెతే చెబుతుంది. 'అరువు సొమ్ము బరువు చేటు' అని అందరికీ తెలుసు. దాని తోక మరిచిపోయారు: 'అందులో ఒకటి పోతే అప్పుల చేటు'. ఇక్కడ సొమ్మంటే నగ. అరువు తెచ్చిన నగను అదే నగగా తిరిగివ్వాలి. పోగొడితే అప్పుచేసి కొత్తది చేయించాలి. ఒకే సామెతలో రెండు మాటలూ ఉండి, ఒకదాని చోట ఇంకొకటి పడకపోవడం చూడండి. 'చేబదులు' జోలికి ఇప్పుడు పోను.

మీ ఫోన్ ఇస్తున్నదేమిటో చూద్దామని మా మనవడి చేత తెర మీద పెట్టించాను. డాలరు గుర్తుతో మొదలై, కామాల మధ్య సమయం, అక్షాంశం, రేఖాంశం, లెక్కలో వాడిన ఉపగ్రహాల సంఖ్య పరుచుకుని, చివర నక్షత్రం గుర్తు, దాని వెనక రెండక్షరాల తనిఖీ సంఖ్యతో ముగిసే వరస అది. వాటిని వాక్యాలంటారట! కర్త లేదు, క్రియ లేదు. అయినా 82 అక్షరాలు దాటకూడదన్న నియమం ఉంది. మన సంపాదకీయాలకు అదీ లేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను పట్టి లెక్కగట్టే రిసీవర్ ఫోన్‌లోనే ఉంటుంది. ట్యాబ్‌కు వెళ్లేది లెక్క తేలిన జవాబు మాత్రమే. హాట్‌స్పాట్ వేస్తే చాలనుకునేవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. సాధారణంగా దాంతో వెళ్లేది ఇంటర్నెట్టే. ఈ వాక్యాలు పంపడానికి వేరే యాప్ కావాలి.

కాబట్టి కచ్చితంగా రాయాలంటే 'ఫోన్ లెక్కగట్టిన స్థానాన్ని ట్యాబ్‌కు అందించడం' అనాలి. శీర్షికలో 'అరువు జీపీఎస్' అంటే నేను తప్పనను, ఒప్పని ఒట్టూ వేయను. భాషాశాస్త్రవేత్తలు 'అరువు మాటలు' అంటూనే ఉన్నారు కదా. జీపీఎస్ అనే మాటను మనం తెచ్చుకుంటే ఇంగ్లీషుకు తరిగిందేమీ లేదు, తిరిగిచ్చే ఉద్దేశమూ మనకు లేదు.

మార్గనిర్దేశనం అనవచ్చు. బండి నడిపేవాడెవడూ అనడు. 'దారి చూపడం' చాలు.